కెనడాలో ఉంటూ ఇండియా ఉద్యోగం: లేని వీసా, ఉన్న దారి

కెనడాకి ‘డిజిటల్ నోమాడ్ వీసా’ అనేదేదీ లేదు. ముందు ఈ మాట చెప్పేస్తే కొందరికైనా డబ్బు మిగులుతుందని ఇలా మొదలుపెట్టాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదో కన్సల్టెన్సీలో ఆ పేరు విని, ఇక్కడున్న మాలాంటివాళ్లకి ఫోన్ చేసి “దానికి ఎంతవుతుందండీ, ఎన్ని నెలల్లో వస్తుంది?” అని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు. ఎస్టోనియా 2020లో, పోర్చుగల్ 2022లో, స్పెయిన్ 2023లో అలాంటి వీసాలు పెట్టాయి. వాటికి విడిగా అప్లికేషన్ ఉంది, ఆదాయం ఇంత ఉండాలన్న లెక్క ఉంది. కెనడా ఆ పని చేయలేదు. ఉన్న విజిటర్ నిబంధనల్లోనే, బయటి దేశం కంపెనీకి రిమోట్‌గా పని చేసుకోవచ్చని మాత్రం బహిరంగంగా చెప్పింది.

ఆ మాట చెప్పింది 2023 జూన్ 27న. అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి షాన్ ఫ్రేజర్ టొరాంటోలో జరిగిన కొలిజన్ టెక్ సదస్సులో కొన్ని ప్రకటనలు చేశారు. వాటిలో ఒకటి అమెరికాలో హెచ్-1బీ ఉన్నవాళ్లకి మూడేళ్ల వరకు ఓపెన్ వర్క్ పర్మిట్. ఆ జులై 16న తెరిచారు, పదివేల అప్లికేషన్ల పరిమితి 48 గంటల్లోపే నిండిపోయింది. రెండోది డిజిటల్ నోమాడ్ల మాట. ఈ రెండూ ఒకే రోజు రావడంతో మనవాళ్లలో చాలామంది రెంటినీ కలిపేసుకున్నారు. “నోమాడ్ వీసా కోటా అయిపోయిందట కదా” అని ఇప్పటికీ అంటుంటారు. అయిపోయింది హెచ్-1బీ వాళ్ల కోటా. నోమాడ్లకి కోటా ఎప్పుడూ లేదు, ఎందుకంటే విడిగా వీసానే లేదు.

అసలు విజిటర్‌గా వచ్చినవాళ్లు పని ఎలా చేస్తారు, అది నేరం కాదా అని అనుమానం రావడం సహజం. కెనడా ఇమిగ్రేషన్ రెగ్యులేషన్స్‌లో ‘వర్క్’ అన్న మాటకి ఒక నిర్వచనం ఉంది. జీతమో కమిషనో వచ్చే పని, లేదా ఇక్కడి పౌరులతో, పీఆర్‌లతో ఇక్కడి ఉద్యోగ మార్కెట్‌లో నేరుగా పోటీపడే పని. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆఫీసర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో, యజమాని కెనడా బయట ఉండి, జీతం కూడా బయటి నుంచే వస్తుంటే, ఫోన్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో చేసే దూరపు పనిని ‘వర్క్’గా లెక్కించరని ఉంది. అంటే హైదరాబాద్ కంపెనీ, హైదరాబాద్ జీతం, మిస్సిసాగాలో మీ లాప్‌టాప్. వర్క్ పర్మిట్ అక్కర్లేదు.

కానీ ఆ గీత చాలా సన్నం. మన ఐటీ కంపెనీల్లో చాలా ప్రాజెక్టులకి క్లయింట్లు కెనడాలోనే ఉంటారు. హైదరాబాద్ నుంచి టొరాంటో బ్యాంకు ప్రాజెక్టు చేసే అమ్మాయి సెలవులకి అక్క దగ్గరికి వచ్చి ఇంట్లో కూర్చుని అదే పని చేస్తుంటే ఒక సంగతి. “ఎలాగూ టొరాంటోలోనే ఉన్నావుగా, క్లయింట్ ఆఫీసుకి వారానికి రెండు రోజులు వెళ్లి కూర్చో” అని మేనేజర్ అంటే అది పూర్తిగా వేరే సంగతి. అక్కడ వర్క్ పర్మిట్ ప్రశ్న వస్తుంది. క్లయింట్ కెనడా కంపెనీ అయితే, ఆఫీసులో అడుగుపెట్టకపోయినా సరే, బయలుదేరే ముందే ఒక లాయర్‌ని అడగమని నేను చెబుతాను. ఫ్రీలాన్సర్లకీ ఇదే వర్తిస్తుంది. కస్టమర్లు బయట ఉంటే నోమాడ్. బ్రాంప్టన్‌లో రెస్టారెంట్‌కి వెబ్‌సైట్ చేసి పెట్టి డబ్బు తీసుకుంటే నోమాడ్ కాదు, పర్మిట్ లేకుండా పనిచేసిన మనిషి.

ఇక ఇది ఎవరికి పనికొస్తుంది? బీచ్ పక్కన లాప్‌టాప్ పెట్టుకున్న ఒంటరి కుర్రాడి బొమ్మ మనకి పెద్దగా వర్తించదు. మన తెలుగు కుటుంబాల్లో ఇది అక్కరకొచ్చేది భార్యాభర్తలకే. భర్త ఇక్కడ చదువుకోవడానికి వచ్చాడు, భార్యకి గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం ఉంది. లేదా భార్య ఇక్కడ వర్క్ పర్మిట్ మీద ఉంది, భర్త అక్కడ ఉద్యోగం వదిలి రావాలా అని తేల్చుకోలేకపోతున్నాడు. ఒకప్పుడు ఈ ప్రశ్నకి తేలికైన జవాబు ఉండేది, స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్. దాంట్లో కోత 2024లోనే మొదలై, 2025 జనవరి 21 నుంచి ఇంకా బిగిసింది. చదువుకునేవాళ్ల జీవిత భాగస్వామికి అది రావాలంటే కోర్సు కనీసం 16 నెలల మాస్టర్స్ అయినా కావాలి, డాక్టరేట్ అయినా కావాలి, లేదా కొన్ని ఎంపిక చేసిన ప్రొఫెషనల్ కోర్సుల్లో ఒకటి కావాలి. కాలేజీ డిప్లొమాకి వచ్చినవాళ్ల భాగస్వాములకి ఆ తలుపు మూసేశారు. ఉద్యోగం చేసేవాళ్ల విషయంలోనూ, ఆ ఉద్యోగం పై కేటగిరీల్లో ఉండాలి, లేదా కొరత ఉన్న కొన్ని రంగాల్లో ఉండాలి. అప్లై చేసేనాటికి వాళ్ల పర్మిట్‌లో ఇంకా 16 నెలలు మిగిలి ఉండాలి.

ఈ మార్పుతో బయట పడిపోయిన కుటుంబాలకి మిగిలింది విజిటర్ దారి. ఇంతకుముందు “విజిటర్ మీద వస్తే ఇంట్లో ఖాళీగా కూర్చోవాలి” అనేవారు. ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఇండియా కంపెనీ ఒప్పుకుంటే ఇండియా ఉద్యోగం ఇక్కడి నుంచే చేసుకోవచ్చు. కొత్తగా పెళ్లయిన జంటలు ఈ చిన్న విషయం తెలియక రెండేళ్లు విడిగా గడిపేయడమో, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేయడమో చేస్తుంటే బాధేస్తుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

అప్లికేషన్ సంగతికి వస్తాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి విజిటర్ వీసా తప్పనిసరి. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి 85, కుటుంబం అంతా కలిసి చేస్తే బయోమెట్రిక్స్ గరిష్ఠంగా 170. వేలిముద్రలు ఇస్తే పదేళ్లు చెల్లుతాయి. అప్లికేషన్ అంతా ఆన్‌లైన్‌లోనే. వేలిముద్రలకి హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ సెంటర్‌కి వెళ్లాలి, వీసా ఒప్పుకున్నాక పాస్‌పోర్టు కూడా వాళ్ల ద్వారానే పంపాలి. ప్రభుత్వ ఖర్చు ఇంతే. దీనికి లక్షలు అడిగేవాళ్లు దేనికి అడుగుతున్నారో వాళ్లనే అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం కంపెనీ లెటర్. ఇక్కడే కన్సల్టెన్సీలు తప్పుదారి పట్టిస్తాయి. “లీవ్ లెటర్ పెట్టండి, రిమోట్ వర్క్ అని రాస్తే రిజెక్ట్ అవుతుంది” అంటారు. ఆరు నెలలు సెలవిచ్చే కంపెనీ ఏదండీ? ఆఫీసర్‌కి ఆ మాత్రం తెలియదా? రేపు ఎయిర్‌పోర్టులో సంచి తెరిస్తే ఆఫీసు లాప్‌టాప్, రోజువారీ మీటింగుల మెయిళ్లు కనబడతాయి. సెలవు అని చెప్పినవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. దీనికంటే, మీ హోదా, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, జీతం రూపాయల్లో ఇండియా ఖాతాలోనే పడుతుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కెనడా నుంచి రిమోట్‌గా పనిచేయడానికి అనుమతి ఇచ్చాం, కెనడాలో మా తరఫున ఏ క్లయింట్‌నూ కలవరు, ఆ తర్వాత ఆఫీసుకి తిరిగి హాజరు కావాలి అని స్పష్టంగా ఉన్న లెటర్ వెయ్యి రెట్లు మేలు. దాంతో పాటు జీతం స్లిప్పులు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. అప్లికేషన్‌కి వారం ముందు మామగారి ఖాతా నుంచి పదిహేను లక్షలు తెచ్చి వేస్తే బలం రాదు, అనుమానం వస్తుంది. పెద్దవాళ్లు నిజంగా ఇచ్చినదైతే ఇచ్చారని ఒక లెటర్ రాయించండి. పట్టాదారు పాసుపుస్తకం లాంటివి తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

జీవిత భాగస్వామి దగ్గరికి వస్తున్నప్పుడు ఆఫీసర్ చూసేది ఒకటే, గడువు అయ్యాక వెళ్తారా అని. “మా ఆయన అక్కడే ఉన్నాడు, పీఆర్‌కి కూడా ట్రై చేస్తాం” అని చెబితే పోతుందేమోనని దాచిపెట్టేవాళ్లున్నారు. దాచొద్దు. తాత్కాలికంగా రావాలని ఉండటం, ముందు ముందు శాశ్వతంగా ఉండాలని ఉండటం రెండూ కలిసి ఉండవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. గడువు ముగిసేలోపు పర్మిట్ రాకపోతే తిరిగి వెళ్తానని నమ్మించగలగాలి. తిరిగి వెళ్లడానికి అక్కడ ఉద్యోగం ఉండటం మీ చేతిలో ఉన్న అతి పెద్ద ఆధారం. ఆ ఆధారాన్ని సెలవు లెటర్ కింద దాచేయడం ఎందుకు?

వీసా వచ్చాక చాలామంది పడే పొరపాటు వీసా తేదీని ఉండే గడువుగా చదువుకోవడం. పాస్‌పోర్టులో 2033 దాకా అని ఉంటే అప్పటిదాకా రావడానికి వీలుంటుందని అర్థం, ఉండటానికి కాదు. ఎంతకాలం ఉండాలో టొరాంటో పియర్సన్‌లోనో వాంకూవర్‌లోనో దిగినప్పుడు బోర్డర్ ఆఫీసర్ తేలుస్తాడు. స్టాంపు మీద విడిగా తేదీ రాయకపోతే దిగిన రోజు నుంచి ఆరు నెలలు. విజిటర్ రికార్డు అని ఒక కాగితం ఇస్తే దాని మీద ఉన్న తేదీ. అన్నట్టు, ఎక్కువ కాలం చెల్లే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వడమే మామూలు అనే పద్ధతిని 2024 నవంబర్‌లో తీసేశారు. ఇప్పుడు ఎన్నాళ్లకి ఇవ్వాలో ఆఫీసర్ ఇష్టం. ఇచ్చిన వీసాని కొన్ని పరిస్థితుల్లో రద్దు చేసే అధికారాన్ని కూడా 2025 జనవరి 31 నుంచి స్పష్టంగా రాసిపెట్టారు.

ఎయిర్‌పోర్టులో ఏమడిగినా సూటిగా చెప్పండి. “మా వారి దగ్గర ఐదు నెలలు ఉంటాను, హైదరాబాద్ కంపెనీకి రిమోట్‌గా పనిచేస్తాను, ఇదిగో లెటర్.” ఇంతకంటే చెప్పాల్సింది లేదు. లెటర్ ఫోన్‌లో కాకుండా ప్రింటు తీసి పెట్టుకోండి. అర్ధరాత్రి దిగి నిద్రమత్తులో మెయిల్ వెతుక్కోవడం ఎవరికీ బాగుండదు.

ఆరు నెలలు చాలకపోతే ఇక్కడి నుంచే పొడిగింపు అడగవచ్చు. ఫీజు 100 డాలర్లు, గడువుకి కనీసం 30 రోజుల ముందు అప్లై చేయమంటారు. గడువులోపు అప్లై చేస్తే జవాబు వచ్చేదాకా అదే హోదాలో ఉండనిస్తారు. నయాగరా వంతెన దాటి బఫెలోలో భోంచేసి వస్తే ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆఫీసర్ ఏం రాస్తే అదే. అమెరికా వీసా కూడా ఉండాలని గుర్తుచేయక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు పన్నుల సంగతి. ఎవరూ ముందుగా చెప్పనిది, కంపెనీ హెచ్‌ఆర్ ‘కుదరదు’ అనడానికి అసలు కారణం ఇదే. ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో వర్క్ కానిది, పన్నుల శాఖ సీఆర్‌ఏ లెక్కలో పనే. మనిషి కెనడా నేల మీద కూర్చుని ఉద్యోగం చేస్తే ఆ రోజుల జీతం కెనడాలో సంపాదించినట్టే. మామూలుగా అయితే యజమాని విదేశీ కంపెనీ అయినా దాని మీద పన్ను కోయాలి. ఇండియా-కెనడా పన్ను ఒప్పందం ఇక్కడ కాపాడుతుంది. ఉన్న రోజులు 183 దాటకుండా, జీతం ఇచ్చేది కెనడా సంస్థ కాకుండా, ఆ కంపెనీకి కెనడాలో ఉన్న శాఖ ఆ ఖర్చు భరించకుండా ఉంటే ఆ జీతం మీద ఇండియాలోనే పన్ను. కానీ ఒప్పందం ఉన్నంత మాత్రాన కంపెనీ కోత బాధ్యత దానంతటది పోదు. సీఆర్‌ఏ దగ్గర మినహాయింపు తీసుకోవాలి, లేదా నాన్-రెసిడెంట్ ఎంప్లాయర్‌గా సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. ఒక్క ఉద్యోగి కోసం ఇదంతా ఎందుకని చాలా కంపెనీలు వద్దంటాయి. డేటా దేశం దాటకూడదన్న క్లయింట్ షరతులు దీనికి తోడు. అందుకే టికెట్ కొనే ముందు మేనేజర్ నోటిమాట కాదు, హెచ్‌ఆర్ రాతపూర్వక అనుమతి తీసుకోండి. వీపీఎన్ పెట్టుకుని చెప్పకుండా చేసేద్దాం అనేవాళ్లకి నేను చెప్పగలిగింది, పోయేది కెనడా వీసా కాదు, హైదరాబాద్ ఉద్యోగం.

ఏడాదిలో 183 రోజులు లేదా అంతకంటే ఎక్కువ కెనడాలో గడిపితే మొత్తం ఏడాదికి రెసిడెంట్ అయినట్టు లెక్కించే నియమం ఒకటుంది. దీనికి రోజులో కొంత భాగం ఉన్నా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. “నేను 180 రోజులే ఉంటాను కాబట్టి గొడవ లేదు” అనుకునే భార్యాభర్తలకి ఇంకో మెలిక ఉంది. సీఆర్‌ఏ మొదట చూసేది రోజులు కాదు, బంధాలు. ఇక్కడ ఇల్లు ఉందా, భర్తో భార్యో ఇక్కడ ఉన్నారా, పిల్లలు ఇక్కడ ఉన్నారా అని చూస్తుంది. భర్త ఇక్కడ స్థిరపడి ఉండి, భార్య కూడా వచ్చి కాపురం పెడితే, రోజులతో పని లేకుండా వచ్చిన నాటి నుంచే ఆమె రెసిడెంట్ అనవచ్చు. అప్పుడు ఇండియా జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. ఇండియాలో కట్టిన పన్నుకి క్రెడిట్ వస్తుంది గానీ చూపకపోవడం కుదరదు. విజిటర్‌కి సిన్ నంబరు ఇవ్వరు కాబట్టి టీ1261 ఫారంతో ఇండివిడ్యువల్ టాక్స్ నంబర్ తీసుకుని రిటర్ను వేయాలి. ఇంకొకటి, రెసిడెంట్ అయ్యాక రెండో ఏడాది నుంచి, కెనడా బయట లక్ష డాలర్లకి మించిన పెట్టుబడి ఆస్తులుంటే టీ1135 ఫారం వేయాలి. శంషాబాద్ దగ్గర కొన్న ప్లాటు కూడా దీంట్లోకి వస్తుంది. వేయకపోతే రోజుకి 25 డాలర్లు, గరిష్ఠంగా 2,500. పన్ను లేకపోయినా జరిమానా ఉంటుంది. ఏప్రిల్‌లో హడావిడి పడేకంటే రెండు దేశాల లెక్కలూ చూసే సీపీఏ దగ్గర ఒక గంట కూర్చోవడం చవక.

పగలూ రాత్రీ సంగతి కూడా ఆలోచించుకోవాలి. టొరాంటోకి హైదరాబాద్ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 9:30 షిఫ్టు అంటే ఇక్కడ వేసవిలో అర్ధరాత్రి, చలికాలంలో రాత్రి 11. ఒక గది, హాలు ఉన్న అపార్ట్‌మెంట్‌లో భర్త పొద్దున కాలేజీకి వెళ్లాలి, భార్య రాత్రంతా కాల్స్‌లో ఉండాలి. నెలరోజులు సరదాగా ఉంటుంది, ఆరు నెలలు కష్టం. మధ్యాహ్నం షిఫ్టు అడిగి తెచ్చుకోగలిగితే తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించుకోవచ్చు. వాంకూవర్‌లో ఉంటే ఇంకా నయం, అక్కడ వేసవిలో 9:30 షిఫ్టు ముందురోజు రాత్రి తొమ్మిదికే మొదలవుతుంది.

ఆరోగ్యం విషయంలో మొహమాటం వద్దు. విజిటర్‌కి ఒంటారియోలో ఓహిప్ లేదు, మిగతా ప్రావిన్సుల్లోనూ ప్రభుత్వ వైద్యం ఉండదు. ప్రైవేటు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోండి. షుగర్, బీపీ, థైరాయిడ్ లాంటివి ముందే ఉంటే పాలసీలో ‘స్టేబుల్’ అన్న మాటకి అర్థం చదవండి, ఎన్ని నెలలుగా మందు మారకుండా ఉండాలో అక్కడే రాసి ఉంటుంది. కాన్పు ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు.

పిల్లలతో వచ్చేవాళ్లు స్కూలు సంగతి ముందే చూసుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి వర్క్ పర్మిట్ లేదా స్టడీ పర్మిట్ ఉంటే పిల్లలు ఇక్కడ స్టడీ పర్మిట్ లేకుండా స్కూలుకి వెళ్లవచ్చు. ఇద్దరూ విజిటర్లే అయితే ఆ వెసులుబాటు లేదు, పర్మిట్ తీసుకుని అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు కట్టాలి. నోమాడ్ అనుకుని కుటుంబమంతా ఆరు నెలలకి వచ్చేద్దామనుకునేవాళ్ల ప్లాను ఇక్కడే తిరగబడుతుంది.

అద్దె ఇంటికి క్రెడిట్ హిస్టరీ అడుగుతారు, మీకు ఉండదు. ఒంటారియోలో ఇంటి యజమాని డిపాజిట్‌గా చివరి నెల అద్దెకి మించి అడగకూడదు. ఆరు నెలలది ముందే కావాలన్నా, చూడకుండానే డబ్బు పంపమన్నా ఒకసారి ఆలోచించండి. మన ఇండియా లైసెన్సుతో ఒంటారియోలో మూడు నెలల వరకు నడపవచ్చు, అంతకంటే ఎక్కువ ఉండేవాళ్లు బయలుదేరే ముందే ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవడం మేలు.

పీఆర్ ఆశతో ఈ దారి పట్టేవాళ్లకి ఒక మాట. ఇక్కడ కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఎన్ని నెలలు చేసినా అది ‘కెనడియన్ ఎక్స్‌పీరియన్స్’ కాదు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కి పని చేసే అనుమతితో, కెనడా యజమాని దగ్గర చేసిన ఉద్యోగమే లెక్క. 2023లో ప్రభుత్వం, నోమాడ్లుగా వచ్చినవాళ్లలో కొందరికి ఇక్కడే ఉద్యోగాలు దొరికి ఉండిపోతారని ఆశపడింది. కానీ విజిటర్‌గా ఉండి దేశం లోపలి నుంచే వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే కోవిడ్ నాటి వెసులుబాటుని 2024 ఆగస్టు 28న ఆపేశారు. బోర్డర్‌కి వెళ్లి అక్కడికక్కడే పర్మిట్ తెచ్చుకునే ఫ్లాగ్‌పోలింగ్‌ని కూడా అదే ఏడాది డిసెంబర్ 23న చాలామందికి ఆపేశారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు 2025 మార్చి 25న పోయాయి. ఒక చేత్తో పిలిచి ఇంకో చేత్తో తలుపు దగ్గరేసినట్టుంది. ఉద్యోగం దొరికితే దాని కంపెనీ ద్వారా బయటి నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆ దారి ఉంది. విజిటర్‌గా వచ్చేస్తే తర్వాత అదే కుదురుతుందిలే అన్నది మాత్రం ప్లాను కాదు.

అమెరికాలోని మనవాళ్లు కొందరు, తోబుట్టువుల దగ్గర కొన్నాళ్లుండి ఇక్కడి నుంచే అమెరికా ఉద్యోగం చేద్దామని అడుగుతుంటారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి 2022 ఏప్రిల్ నుంచి కెనడాకి వీసా గానీ ఈటీఏ గానీ అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు చాలు. హెచ్-1బీ వాళ్లకి ఇండియా పాస్‌పోర్టే కాబట్టి కెనడా విజిటర్ వీసా కావాలి. హెచ్-1బీ స్టాంపు గడువు అయిపోయినా, ఐ-94 చెల్లుతుంటే 30 రోజుల్లోపు కెనడా నుంచి తిరిగి వెళ్లే సౌకర్యం ఉంది. అయితే ఇక్కడ కొత్త స్టాంపింగ్‌కి అప్లై చేస్తే ఆ సౌకర్యం పోతుంది. 2025 సెప్టెంబర్ 6 నుంచి అమెరికా, స్టాంపింగ్‌ని సొంత దేశంలోనో నివాసముండే దేశంలోనో చేయించుకోమంటోంది కాబట్టి, టొరాంటోలో స్టాంపింగ్ చేయించుకుని పోదామన్న పాత అలవాటుని నమ్ముకోవద్దు. పన్నుల విషయంలో కెనడా-అమెరికా ఒప్పందంలో పదివేల కెనడా డాలర్లలోపు సంపాదనకి మినహాయింపు ఉంది. అది దాటితే మళ్లీ 183 రోజుల లెక్క, కంపెనీ ఎవరన్న లెక్క వస్తాయి.

చివరిగా ఏజెంట్ల సంగతి. డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడానికి చట్టప్రకారం అర్హులు లాయర్లు, క్యూబెక్ నోటరీలు, 2021 నవంబర్‌లో మొదలైన కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో లైసెన్స్ ఉన్నవాళ్లు. ఆ కాలేజీ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో అందరికీ కనబడుతుంది. పేరు, లైసెన్స్ నంబరు అడిగి అక్కడ చూసుకోండి. మీ అప్లికేషన్‌లో ఏజెంట్ అబద్ధం రాసినా శిక్ష మీకే. తప్పుడు సమాచారం తేలితే ఐదేళ్లు కెనడాలో అడుగుపెట్టనివ్వరు. ఆ ఐదేళ్లు భర్త ఇక్కడ, భార్య అక్కడ.

రిజెక్ట్ అయితే వెంటనే అదే ఫైలు మళ్లీ పెట్టకండి. 2025 జులై చివరి నుంచి కొన్ని తిరస్కరణ లెటర్లతో పాటు ఆఫీసర్ రాసుకున్న నోట్స్ కూడా పంపుతున్నారు. మీకు రాకపోతే ఇక్కడున్న భర్తో, భార్యో మీ సంతకంతో ఐదు డాలర్లు కట్టి సమాచార హక్కు కింద తెప్పించవచ్చు. ఆఫీసర్ దేన్ని నమ్మలేదో అందులో ఉంటుంది. నిర్ణయమే తప్పనిపిస్తే ఫెడరల్ కోర్టుకి వెళ్లడానికి, కెనడా బయట ఇచ్చిన నిర్ణయాల మీద 60 రోజుల గడువు. కాగితం లోటైతే దాన్ని సరిచేసి మళ్లీ పెట్టండి. చాలాసార్లు ఆ లోటు కంపెనీ లెటర్‌లోనే ఉంటుంది, మీరు ఏ తేదీన తిరిగి ఆఫీసులో ఉండాలో రాసే ఒక్క వాక్యం.